బండి కింద గొట్టం, గొట్టంలో సామాను: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఇదే శీర్షికలో, ఊళ్ళో వర్క్‌షాపులో చిన్న క్యాంపింగ్ ట్రైలర్ ఎలా కట్టించుకోవచ్చో రాశాను. దాని చివర్లో ‘పొడుగు సామాను బండి కింద పైపుల్లో దాచుకోవచ్చు’ అని ఒక్క ముక్క అని వదిలేశాను, అంతే, ఆ ముక్క పట్టుకునే అందరూ రాశారు. ట్రైలర్ గురించి రాసిందంతా ఏమైపోయిందో తెలీదు మరి! సరే, ఈసారి ఆ పైపుల సంగతే చూద్దాం.

ప్రశ్న: గురువుగారూ, నమస్కారం. మాది ఆమదాలవలస. రిటైరయ్యాక సరదాపడి పది అడుగుల ట్రైలర్ ఒకటి కట్టించుకున్నాను, బొలెరోకి తగిలించి మనవల్ని ఎక్కించుకుని కళింగపట్నం, బారువ అలా సముద్రం ఒడ్డుకి పోతుంటాం. ఇబ్బంది ఏటంటే లోపల పడుకోడానికే చోటు బొటాబొటీ, అందులోనే టార్పాలిన్ పందిరి గడలు, గాలం కర్రలు, టాంకులో వాడిన నీళ్ళు బయటికి వదిలే గొట్టం అన్నీ పెట్టాలి. ఆ గొట్టం కంపు మీద మా ఆవిడ అనే మాటలు ఇక్కడ రాయలేను. మా మేనల్లుడు అమెరికాలో ఉంటాడు, అక్కడ ట్రైలర్ల కింద ప్లాస్టిక్ పైపులు వేలాడదీసి సామానంతా అందులోకి తోసేస్తారని ఫోటో పంపించాడు. మనకి దొరికే పైపులతో అలగ చేసుకోవచ్చా? ఏ పైపు కొనాలి, ఎలా వేలాడదీయాలి?

జవాబు: చేసుకోవచ్చండీ, నిక్షేపంగా. కాకపోతే వేలాడదీయాలి అన్నారు చూడండి, కిటుకంతా అక్కడే ఉంది. పైపుని వేలాడదీస్తే ఏదో ఒకరోజు అది రోడ్డు మీద పడుతుంది, పైపుని కూర్చోబెట్టాలి. అదెలాగో చెప్తాను, ముందు పైపు సంగతి కానిద్దాం.

అమెరికా వాళ్ళకి ఈ అలవాటు ఎందుకొచ్చిందంటే, అక్కడ చాలా ట్రైలర్లకి వెనక బంపరు 4 అంగుళాల చదరపు ఇనుప గొట్టం, లోపల బోలు. సెప్టిక్ గొట్టం అందులో దూర్చేసి రెండు పక్కలా మూత పెట్టేస్తారు. గొట్టం 3 అంగుళాలదే గానీ దాని కొసల్లో ఉండే బిగింపు ముక్కలు లావు, అవి చాలాసార్లు బంపర్లోకి దూరవు, అందుకని వేరే పైపు కొని ఛాసిస్ కింద కట్టుకోవడం మొదలెట్టారు. కొందరైతే ఇంటి కంచెలకి వాడే 5 అంగుళాల చదరపు ప్లాస్టిక్ స్తంభాలు తెచ్చి బిగించుకుంటారు. మనకి ఆ కంచె స్తంభాలు దొరకవు, దొరక్కపోయినా నష్టం లేదు, మన మేడల మీంచి దిగే బాత్రూం పైపులున్నాయి కదా.

షాపుకి వెళ్ళే ముందు మీరు పెట్టబోయే సామాన్లో అన్నిటికంటే లావుగా ఉన్న చోటు కొలవండి. గడ లావు కాదు, గడ కొసన ఉన్న బిగింపు లావు, గొట్టం లావు కాదు, గొట్టం మూతి లావు. దారం చుట్టి పొడుగు చూసి 3.14 తో భాగిస్తే అడ్డకొలత వచ్చేస్తుంది. మన దగ్గర బాత్రూం నీళ్ళకీ వాన నీళ్ళకీ వాడే ఎస్‌డబ్ల్యూఆర్ అనే బూడిదరంగు పైపులు 75, 90, 110, 160 మిల్లీమీటర్లలో వస్తాయి, ఆ లెక్క బయటి కొలతది సుమా. 110 పైపు కొంటే లోపల మీకు మిగిలేది దగ్గరదగ్గర 103 మిల్లీమీటర్లే. ఇందులో టైప్ ఏ, టైప్ బీ అని రెండు రకాలు, టైప్ ఏ అయితే వాన నీళ్ళకి, గాలి గొట్టాలకి, గోడ పల్చన. టైప్ బీ బాత్రూం నీళ్ళకి, 110 సైజులో గోడ కనీసం 3.2 మిల్లీమీటర్లుంటుంది. మీరు బీ అని అడిగి మరీ తీసుకోండి, అడక్కపోతే షాపువాడు చేతికి ఏది అందితే అది ఇచ్చేస్తాడు. పొలానికి నీళ్ళు పెట్టే పల్చటి పైపు చవకగా వస్తుంది కదాని దానికి మాత్రం పోకండి, కింద నుంచి ఒక్క రాయి ఎగిరి తగిలితే పెంకులా పగుల్తుంది.

మీ సామానుకి నేనైతే రెండు పైపులు పెడతాను. గడలకీ గాలం కర్రలకీ 110 పైపు పది అడుగులది, 3 మీటర్ల ముక్కే దొరుకుతుంది కాబట్టి కొయ్యక్కర్లేదు. ఆ కంపు గొట్టానికి 160 పైపు ఐదారు అడుగులు, విడిగా. రెండూ కలిపి ఒకే దాన్లో పెట్టారో, రేపు పట్టిన చేపని కూడా మీ ఆవిడ ముట్టుకోరు. బరువు గురించి బెంగ వద్దు, 110 బీ రకం మీటరుకి కిలోన్నర తూగుతుంది, పది అడుగులకి నాలుగున్నర కిలోలు, అంతే.

ఇక కూర్చోబెట్టడం. ట్రైలర్ కింద పొడుగు ఛానళ్ళ మధ్య అడ్డంగా యాంగిళ్ళు ఉంటాయి కదా, పైపు బరువు వాటి మీద పడాలి. 25 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఇనుప పట్టీ తీసుకుని పైపు చుట్టుకొలతకి ఊయల్లాగా వంచి, రెండు చెవులూ పైకి తీసి, అడ్డ యాంగిల్‌కి నట్టూ బోల్టూ వేసి బిగించాలి. పది అడుగుల పైపుకి అలాంటివి నాలుగు, మూడుతో సరిపెట్టకండి. పట్టీకీ పైపుకీ మధ్యన పాత లారీ ట్యూబు ముక్క కోసి పెట్టండి, లేకపోతే ఇనుప అంచు పైపుని రంపంలా కోసేస్తుంది, నాలుగు ట్రిప్పులయ్యాక చూసుకుంటే తెలుస్తుంది. నట్లు మామూలువి కాకుండా లోపల నైలాను రింగు ఉండేవి వాడండి, అదురుకి ఊడవు. అంతేగానీ పైపు గోడకి కన్నాలు పెట్టి స్క్రూలతో కిందనుంచి బిగించడం మాత్రం చెయ్యొద్దు, స్క్రూ మొన లోపలికి పొడుచుకొచ్చి టార్పాలిన్ చీరుతుంది, పైగా ప్లాస్టిక్ పగలడం మొదలెట్టేది ఎప్పుడూ కన్నం దగ్గరే.

నాలుగు పట్టీల్లో ఒక్కటే గట్టిగా బిగించండి, మిగతా మూడూ పైపు కాస్త జరిగేలా వదులుగా ఉండాలి. ఎందుకంటారా, ఈ ప్లాస్టిక్ వేడికి సాగుతుంది. తెల్లారగట్ల చలికీ మధ్యాహ్నం ఎండకి కాలిన ఇసక మీద నిలబెట్టినప్పటికీ ముప్పై డిగ్రీల తేడా వచ్చిందనుకోండి, 3 మీటర్ల పైపు ఇంచుమించు 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. నాలుగూ బిగించేస్తే ఆ పెరిగింది ఎక్కడికి పోవాలి, విల్లులా వంగుతుంది. జనరేటర్ ఉంటే దాని సైలెన్సర్‌కి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది, 80 డిగ్రీల దగ్గరికొచ్చేసరికి ఈ పైపు మెత్తబడిపోతుంది.

ఛాసిస్ పొడుగు ఛానళ్ళకి పైన అంచునీ కింద అంచునీ డ్రిల్లు చెయ్యకండి, బలమంతా ఆ అంచుల్లోనే ఉంటుంది. వెల్డింగ్ అయితే అసలు వద్దు, పైన చెక్క ఫ్లోరు, పక్కన వైర్లు.

ఎత్తు ఎలా చూసుకోవాలంటే, ట్రైలర్లో సామానంతా ఎక్కించి, బొలెరోలో మనుషుల్ని కూడా ఎక్కించి, అప్పుడు చూడాలి, ఖాళీ బండిని చూసి మోసపోవద్దు. ఒక దారం తీసుకోండి. ఒక కొస టైరు నేలకి ఆనిన చోట మనవడి చేత పట్టించండి, రెండో కొస బండి తోక కింద అంచుకి లాగి పట్టుకోండి. ఇరుసు వెనకనున్న పైపు ఏదైనా ఆ దారానికి పైనే ఉండాలి, దారాన్ని తాకిందంటే మన ఊరి స్పీడ్ బ్రేకర్ దానికి ముహూర్తం పెట్టేసినట్టే. ఇరుసు ముందున్న పైపు ఇరుసు కంటే కిందకి దిగకూడదు. ఇరుసు మీదుగా పైపు వెళ్ళాల్సి వస్తే గతుకులో కమాన్ పట్టాలు నొక్కుకుని ఇరుసు పైకి లేచే జాగా వదలాలి, నేనైతే నాలుగు వేళ్ళు వదిల్తే గానీ నిద్రపోను.

ఇంకోటి, ఇది చాలామంది పట్టించుకోరు. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడాలి, అప్పుడే వెనకాల బుద్ధిగా వస్తుంది. తోక బరువెక్కితే హైవే మీద పాములా ఊగుతుంది. అందుకని పైపులో గడలు పెట్టుకోండి గానీ, చోటుంది కదాని జాకీలూ గునపాలూ ఇనుప మేకులూ తీసుకెళ్ళి ఇరుసు వెనక దూర్చకండి.

మూత ఎటువైపు అంటే వెనక్కి. ముందు కొసకి మామూలు మూత వేసి సొల్యూషన్‌తో అతికించెయ్యండి, బ్రేకు వేసినప్పుడు సామాను ముందుకి జారి ఆ అతికిన మూతకి తగుల్తుంది, అది ఊడదు. పైపుని కూడా ముందు కొస ఒక అంగుళం పల్లంగా ఉండేలా కూర్చోబెట్టండి, లోపలికి చేరిన నీళ్ళు అటే పోతాయి, అక్కడ అడుగున 6 మిల్లీమీటర్ల కన్నాలు రెండు పెడితే కారిపోతాయి. వెనక మూత తీసిపెట్టుకునేది, మరతో తిరిగేది దొరికితే మంచిదే, దొరక్కపోతే మామూలు మూతే సొల్యూషన్ పూయకుండా తొడిగి, మూతకీ పైపుకీ కలిపి అడ్డంగా ఒక కన్నం పెట్టి అందులో పిన్ను దూర్చండి. ట్రాక్టర్ సామాన్ల షాపులో రింగు తిరగేస్తే పట్టుకునే పిన్నులుంటాయి, ట్రక్కు తగిలించడానికి వాడతారు, అది ఒక్కటి చాలు. దానికో చిన్న గొలుసు కట్టి బండికి తగిలించండి, లేకపోతే మొదటి ట్రిప్పులోనే పారేస్తారు. పైపుకి కన్నాలొద్దన్నవాడివి మళ్ళీ పెట్టమంటున్నావేంటి అంటారేమో, ఇవి బరువు మోసే కన్నాలు కావు, కొసల్లో ఉంటాయి, అంచు నున్నగా గీకేస్తే చాలు.

పిన్ను గురించి ఇంతలా ఎందుకు చెప్తున్నానంటే నాకు తగిలిన దెబ్బ అలాంటిది. నా మొదటి పైపుకి మూత బిగుతుగానే ఉంది కదాని పైన రెండు చుట్లు టేపు వేసి ఊరుకున్నాను. చింతపల్లి బీచ్ నుంచి వస్తున్నాం, పూసపాటిరేగ దాటి హైవే ఎక్కాం, పాటలు పెట్టుకుని హాయిగా పోతుంటే బైకు మీద ఒకాయన పక్కకొచ్చి హారన్ మీద హారన్. సైడు ఇచ్చాను, పోడు. అద్దం దించితే ‘ఏటి బావూ, మీ గడలు ఒక్కోటీ పడిపోతన్నాయి, సూసుకోరేటి’ అని చంకలోంచి ఒక గడ తీసి ఇచ్చాడు. బండి పక్కకి ఆపి కిలోమీటరు వెనక్కి నడిచాం, ఎనిమిదింట్లో ఏడు దొరికాయి, ఎనిమిదోది లారీ కింద పడి అప్పడంలా పడి ఉంది. ఎవరికీ తగల్లేదు, అదొక్కటే అదృష్టం. ఆ గడ తగిలి బైకు వాడెవడైనా పడి ఉంటే అన్న ఆలోచనొస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

చివరిగా చిన్న ఉపాయం. పది అడుగుల పైపులో సామాను అవతలి కొసకి పోయిందంటే చెయ్యి అందదు, రోడ్డు మీద బోర్లా పడుకుని చీపురుకట్టతో లాగాలి. పాత లుంగీని పొడుగ్గా మడిచి కుట్టించి సంచీ చేయించండి, గాలం కర్రలు దాన్లో పెట్టండి, కర్రల రింగులు కూడా దెబ్బతినవు. సంచీ అడుగుకి ఒక తాడు కట్టి దాని కొస ముడేసి మూత దగ్గర ఉంచండి. ఆ ముడి పట్టుకుని లాగితే మొత్తం వచ్చేస్తుంది.

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది బొబ్బిలి. మా వారు మీ వ్యాసం చూసి వెంటనే పైపు బిగించేశారు. ఇప్పుడు తడి టార్పాలిన్ దాన్లోనే, చెప్పులు దాన్లోనే, ఇంకా చోటుంది చిన్న గ్యాస్ సిలిండర్ కూడా పెడదామంటున్నారు. నాకు భయంగా ఉంది. రెండు వారాలు తియ్యకుండా ఉంచి మొన్న తీస్తే లోపల మట్టి గూళ్ళు కట్టి ఉన్నాయి, ఏదో పురుగు. పాములు దూరతాయేమో అని కూడా అనుమానం. మీరే చెప్పాలి.

జవాబు: సిలిండర్ విషయంలో మీ భయమే కరెక్టమ్మా, మీ వారికి ఈ పేజీ చూపించండి. వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకైతే పైకి పోదు, అడుగునే పేరుకుంటుంది. మూసిన పైపులో పడుకోబెట్టిన సిలిండర్ అంటే గ్యాసుని కూజాలో పట్టి ఉంచినట్టే. పైగా సిలిండర్ నిలబెట్టే ఉంచాలి, పడుకోబెట్టకూడదు. దానికి చోటు బండి బయట, గాలి ఆడే స్టాండులో. పెట్రోలు, కిరసనాయిలు డబ్బాలకీ ఇదే మాట.

మట్టి గూళ్ళు మట్టితో ఇల్లు కట్టే రకం కందిరీగ పనమ్మా, దానికి ఇలాంటి చీకటి కన్నం దొరికితే పండగే. నీళ్ళు పోయే కన్నాలుంటాయి కదా, వాటి మీద స్టీలు దోమల జాలీ ముక్క పెట్టి అంచులు అతికించేస్తే రాదు. గూడు ఒకటి కన్నానికి అడ్డం కట్టేసిందంటే నీళ్ళు నిలిచిపోతాయి, టార్పాలిన్ కుళ్ళిపోతుంది, అందుకని నెలకోసారి పుల్ల పెట్టి పొడవండి. పాము అంటారా, మూత సరిగ్గా ఉంటే ఎలా దూరుతుంది, కానీ ఇంటి దగ్గర బండి నిలిపినప్పుడు మనవాళ్ళు మూత తీసి వదిలేస్తారు, అప్పుడు ఎలకైనా చేరుతుంది, ఎలక కోసం ఆ రెండోదీ వస్తుంది. మూత తీసే ముందు కర్రతో పైపుని రెండు దెబ్బలు కొట్టి, పక్కకి నిలబడి తియ్యండి. తడి టార్పాలిన్ ఒక్క రాత్రికి పెట్టుకోవచ్చు, ఇంటికొచ్చాక మేడ మీద ఆరెయ్యాల్సిందే. చెప్పులు పర్లేదు. తినే సామాను మాత్రం వద్దు, వేసవిలో ఆ పైపు పొయ్యి.

ప్రశ్న: సార్, నౌపడ నుంచి రాస్తున్నాను. ప్లాస్టిక్ పైపు మీద నమ్మకం లేదు, మా వెల్డరు 4 అంగుళాల చదరపు ఇనుప గొట్టం పెట్టేస్తానంటున్నాడు, జన్మలో పగలదంటున్నాడు. పెట్టించెయ్యమంటారా?

జవాబు: పగలదు, నిజమే తమ్ముడూ, తుప్పు పడుతుంది. ఉప్పు మడుల ఊళ్ళో ఉండి ఇనుము గురించి నన్నడిగితే ఏం చెప్పను! పై తుప్పు కనిపిస్తుంది, గీకి రంగేస్తావు, గొట్టం లోపల తుప్పు కనపడదు, తడి గుడ్డ దాన్లోనే ఉంటుంది కదా. బరువు చూడు, 2 మిల్లీమీటర్ల మందంతో 100 మిల్లీమీటర్ల చదరపు గొట్టం మీటరుకి 6 కిలోల పైచిలుకు, 3 మీటర్లకి 18 కిలోలు. ప్లాస్టిక్‌ది నాలుగున్నర. అంత బరువు కట్టుకుని లోపల పెట్టేది రెండు కిలోల గాలం కర్రలు. ఊయల పట్టీలు మాత్రం ఇనుమువే కావాలి, వాటిని గాల్వనైజ్డ్ తీసుకో, బోల్టులు స్టెయిన్‌లెస్. సముద్రం నుంచి వచ్చిన ప్రతిసారీ అడుగున మంచినీళ్ళతో కడుగు, పైపు కోసం కాకపోయినా కమాన్ పట్టాల కోసమైనా.

ప్రశ్న: విజయనగరం నుంచి. ఇలా పైపులు కట్టుకుంటే ఆర్టీఓ వాళ్ళు పట్టుకోరా?

జవాబు: 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది, ఆర్సీలో రాసి ఉన్న వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదని దాని సారాంశం. అందుకే వెల్డింగులు, ఛాసిస్ కొయ్యడాలు వద్దంటున్నాను, నట్టు విప్పితే ఊడొచ్చేలా ఉండాలి. పైపు బండి వెడల్పు దాటి బయటికి రాకూడదు, వెనక పొడుచుకు రాకూడదు, నంబరు ప్లేటునీ వెనక లైట్లనీ ఎర్ర రిఫ్లెక్టర్లనీ మూయకూడదు. బిగించే ముందే ఒక ఫోటో పట్టుకెళ్ళి మీ ఆఫీసులో ఇన్‌స్పెక్టర్‌ని అడిగితే పోయేదేం లేదు, బిగించాక ఆయన మిమ్మల్ని అడిగితే ఇబ్బంది.

ప్రశ్న: మాది రాజాం. ట్రైలర్ లేదు, ఆ స్తోమత కూడా లేదు, పాత వ్యానుంది. దాని పైన క్యారియర్ మీద ఈ పైపు కట్టుకోవచ్చా అన్నా? నవ్వకండి.

జవాబు: నవ్వడమెందుకు, నాది మొదలైందే అక్కడ. పైన కట్టడం ఇంకా తేలిక, గతుకుల బాధ లేదు, రాళ్ళ బాధ లేదు. కానీ కింద లేని శత్రువు ఒకడున్నాడు, ఎండ. ఎండలో ఏళ్ళ తరబడి ఉంటే ఈ పైపు రంగు పోయి పెళుసెక్కిపోతుంది, అందుకని 220 నంబరు గరుకు కాయితంతో పైపైన రుద్ది, తెల్ల రంగు రెండు చేతులు వెయ్యి. క్యారియర్‌కి తాడుతో కాకుండా యూ క్లాంపులతో బిగించు, నాలుగు చోట్ల, కింద రబ్బరు వేసి. మూతకి పిన్ను సంగతి పైన ఆమదాలవలస ఆయనకి చెప్పిందే, నీకు ఇంకా ముఖ్యం, పైనుంచి పడితే వెనకవాడి అద్దం మీదే పడుతుంది. పైపుతో కలిపి బండి ఎత్తు ఎంతో కొలిచి స్టీరింగు దగ్గర కాయితం మీద రాసి అంటించుకో. రైల్వే అండర్‌బ్రిడ్జీల దగ్గర ఎత్తు రాసిన అడ్డ ఇనుప కమ్మీలుంటాయి కదా, వాటి కిందకి దూరే ముందు ఒకసారి ఆ కాయితం చూసుకో.